కొలిచి ఇచ్చే కాంతి

"బావంచాల నూనె రాసి పొద్దున్నే ఎండలో నిలబెట్టండి." బొల్లి మచ్చ కనిపించిన ఇంట్లో పెద్దవాళ్లు మొదట చెప్పే మాట చాలాసార్లు ఇదే. అందులో నిజం లేకపోలేదు. బావంచ గింజల్లో సోరాలెన్లు అనే పదార్థాలుంటాయి. అవి తగిలిన చర్మం ఎండకు మామూలు కంటే ఎన్నో రెట్లు స్పందిస్తుంది. నైలునది తీరాన పెరిగే మరో మొక్క గింజలతో ఈజిప్టువాళ్లూ తరతరాలుగా ఇలాంటి వైద్యమే చేశారు. 1940లలో కైరో శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి అసలు మందును విడదీశారు. ఎల్ మోఫ్తీ అనే చర్మవైద్యుడు దాన్ని బొల్లి రోగులకు ఇచ్చి చూశారు.

చిక్కంతా మోతాదుతోనే. నూనెలో మందు ఎంత ఉందో తెలియదు. ఆ పూట ఎండలో అతినీలలోహిత కిరణాలు ఎంత ఉన్నాయో అంతకన్నా తెలియదు. మే నెల విజయవాడ ఎండా డిసెంబరు ఆదిలాబాద్ ఎండా ఒకటి కావు. కాస్త ఎక్కువైతే మచ్చ బొబ్బలెక్కుతుంది. పైగా బొల్లి ఉన్నవారిలో కొందరికి గాయమైన చోటే కొత్త మచ్చ పుడుతుంది. అంటే మచ్చ పోగొట్టబోయి దాన్ని పెంచుకునే ప్రమాదం ఉందన్నమాట.

కాంతిని పద్ధతిగా వాడొచ్చని లోకానికి చూపినవాడు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. చర్మానికి వచ్చే క్షయ ముఖాలను తినేస్తున్న రోజుల్లో ఆయన కార్బన్ ఆర్క్ దీపం కాంతిని క్వార్ట్జ్ కటకాల గుండా, చల్లటి నీటి గుండా పంపి, వేడి తగలకుండా రోగి చర్మం మీద పడేలా చేశారు. 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జబ్బుకు ఇప్పుడు మాత్రలున్నాయి. అయినా వేడిని వదిలి, పనికొచ్చే కిరణాలనే ఏరుకోవాలన్న ఆయన పట్టుదల మాత్రం ఈనాటి చికిత్సకూ ఆధారం.

ఆ ఏరుకోవడం తర్వాత మరింత పదునెక్కింది. పొలుసులు లేచే సోరియాసిస్ అనే చర్మవ్యాధి మీద ఏ కిరణం ఎంత పనిచేస్తుందో అమెరికా పరిశోధకులు 1981లో విడివిడిగా పరీక్షించారు. 300 నానోమీటర్ల లోపు కిరణాలు చర్మాన్ని కాల్చడమే ఎక్కువ, నయం చేయడం తక్కువ అని తేలింది. దాంతో 311 నానోమీటర్ల దగ్గర మాత్రమే వెలుగు చిమ్మే ట్యూబులు వచ్చాయి. చర్మవైద్యులు 'నారోబ్యాండ్' అని పిలిచే చికిత్స ఇదే. 1997లో నెదర్లాండ్స్ వైద్యులు బొల్లికీ ఇది పనిచేస్తుందని చూపారు. దీనికి ముందుగా మింగాల్సిన మాత్ర, పూసుకోవాల్సిన నూనె ఏవీ అక్కర్లేదు. అందుకే గర్భిణులకూ పిల్లలకూ కూడా డాక్టర్లు దీన్ని ఇవ్వగలుగుతున్నారు.

ఈ కిరణాలు రెండు పనులు చేస్తాయి. దారితప్పి సొంత చర్మం మీదే దాడి చేస్తున్న రోగనిరోధక కణాలను అణచుతాయి. వెంట్రుకల కుదుళ్లలో మిగిలి ఉన్న రంగు కణాలను మేల్కొలుపుతాయి. అందుకే తెల్ల మచ్చలో రంగు మొదట కుదుళ్ల చుట్టూ చిన్న గోధుమరంగు చుక్కలుగా వస్తుంది. మచ్చలో వెంట్రుకలు కూడా నెరిసి ఉంటే ఫలితం తక్కువ. ముఖం, మెడ త్వరగా స్పందిస్తాయి. పెదవులు, వేళ్ల కొసలు చాలా మొండికేస్తాయి.

మోతాదు మొదట చాలా తక్కువ. ఈ ట్యూబులు అమర్చిన చాలా చాంబర్లలో తొలి రోజు కాంతి నిమిషం కూడా దాటదు. వారానికి 2 లేదా 3 సార్లు, వరుస రోజుల్లో కాకుండా ఇస్తూ, మోతాదును మెల్లగా పెంచుతారు. లేత గులాబీ రంగు వచ్చి 24 గంటల్లో తగ్గిపోతే సరైన మోతాదే. మర్నాడు కూడా ఎరుపు నిలిచి ఉంటే పెంచరు. నొప్పి, బొబ్బ కనిపిస్తే ఆపేస్తారు. కొన్ని వారాలు మానేసి మళ్లీ వెళ్లినప్పుడు పాత మోతాదు దగ్గరే మొదలుపెట్టమని అడగకూడదు; తగ్గించి ఇస్తారు.

కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. మగవారు మర్మాంగాలను కప్పుకోవాలి. ఆ రోజు సెంటు పూసుకోకూడదు. డాక్సీసైక్లిన్‌లాంటి యాంటీబయాటిక్‌లు, బీపీకి వాడే కొన్ని మాత్రలు చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ చెప్పాలి. లూపస్ జబ్బు ఉన్నవారికి, చర్మ క్యాన్సర్ వచ్చినవారికి మామూలుగా ఈ చికిత్స వద్దంటారు.

క్యాన్సర్ రాదా అన్న భయం సహజం. సోరాలెన్ మాత్ర మింగించి కాంతి ఇచ్చే పాత 'పువా' పద్ధతిలో ఆ ముప్పు నిజంగానే ఉంది. అమెరికాలో 1,380 మందిని దశాబ్దాలపాటు గమనిస్తే, వందల సార్లు చికిత్స తీసుకున్నవారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ పెరిగింది. నారోబ్యాండ్‌లో ఇప్పటివరకూ జరిగిన అధ్యయనాల్లో అలాంటి స్పష్టమైన పెరుగుదల కనిపించలేదు. అయినా ఎన్నిసార్లు తీసుకున్నదీ లెక్క ఉంచాల్సిందే.

ఓపిక లేనివారికి ఇది కష్టమైన వైద్యం. సోరియాసిస్ పొలుసులు తరచుగా 20, 30 సార్లకే తగ్గుముఖం పడతాయి. బొల్లికి కనీసం ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. బ్రిటన్‌లో 517 మందితో జరిగిన పరీక్షలో, చేతిలో పట్టుకునే చిన్న లైటు, స్టెరాయిడ్ పూత కలిపి 9 నెలలు వాడినవారిలో దాదాపు 27 శాతం మందికే మంచి ఫలితం దక్కింది. పూత ఒక్కటే వాడినవారిలో అది 17 శాతం. మానేశాక కొందరికి రంగు మళ్లీ పోయింది. మూడు నెలల్లో బొల్లి మాయం చేస్తామనే ప్రకటనలను ఈ లెక్కల పక్కన పెట్టి చూడాలి.

వారానికి మూడుసార్లు పట్నం వెళ్లడం పల్లె రోగికి కూలి పోగొట్టుకోవడమే. వారికి ఇంట్లో వాడే యంత్రాలు నిజమైన దారి. 783 మంది సోరియాసిస్ రోగులతో జరిగి 2024లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఇంటి చికిత్స ఆస్పత్రి చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు. అయితే వాళ్లకు ఈ చికిత్స రాసిచ్చింది వైద్యులే. క్రిములను చంపే అతినీలలోహిత దీపాలు వేరు; వాటిని చర్మం మీద వాడితే చర్మమూ కళ్లూ దెబ్బతింటాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో లైటు ఆర్డరు పెట్టేముందు, వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకుని ఒకసారి చర్మవైద్యుణ్ని కలవండి. ఏ యంత్రం కొనాలో, ఎన్ని సెకన్లతో మొదలుపెట్టి ఎలా పెంచాలో కాగితం మీద రాయించుకోండి.