అడవికి చేరిన బియ్యము

యుద్ధకాలమున సాయుధులకు అన్నము పెట్టిన గ్రామస్థుని వారి పక్షమువానిగా లెక్కించుట పాలకులకు పరిపాటి. ఆ లెక్క ఎంతవరకు సరియైనదో తెలిసికొనుటకు మలయా చరిత్రను చూతము. మన తెలుగు కూలీలును వలసపోయి తోటలలో పనిచేసిన దేశమే అది.

అక్కడి అడవుల అంచున, పట్టాలు లేని భూములలో, సుమారు 5 లక్షలమంది కాపురముండిరి. వారిలో అధికసంఖ్యాకులు చీనావారు. 1942లో జపాను సేనలు దేశమును ఆక్రమింపగా పట్టణములు విడిచి వచ్చినవారు అనేకులు. జపానువారితో పోరాడిన కమ్యూనిస్టు గెరిల్లాలను వీరే పోషించిరి. 1948లో ఆ కమ్యూనిస్టులు బ్రిటిషు ప్రభుత్వముపై ఆయుధములు పట్టగా, బియ్యము పాతదారినే మరల అడవికి చేరినది.

ఇచ్చినవారి మనస్సులు ఒక్కతీరున లేవు. ఒకని తమ్ముడు అడవిలో నున్నాడు. వేరొకడు ఆ సిద్ధాంతమును నమ్మినవాడు. రాత్రివేళ తలుపు తట్టినవానికి లేదనుటకు భయపడి యిచ్చినవారును కలరు. “మిన్ యుయెన్” అను రహస్య వ్యవస్థ అందరినుండియు ధాన్యము, చందాలు, వార్తలు సేకరించెడిది. పోలీసులకు మాత్రము అందరును నేరస్థులే! ఇచ్చిన బియ్యములో భయమెంత, అభిమానమెంత యని కొలుచుటకు కుంచము లేదు గదా!

గుడిసెలు తగులబెట్టిరి. 1948 డిసెంబరులో బటాంగ్ కలి వద్ద బ్రిటిషు సైనికులు 24 మంది నిరాయుధులను కాల్చి చంపిరి. ఎటూ మొగ్గక యుండినవారిని సయితము ఇట్టి పనులు అడవివైపు నెట్టినవని మా అభిప్రాయము.

1950లో బ్రిగ్స్ పథకము వచ్చినది. అడవి అంచువారిని ముండ్లకంచెలు గల నూతన గ్రామములకు తరలించిరి. బియ్యమునకు రేషను పెట్టిరి. కొన్నిచోట్ల ఊరంతటికి ఒకేచోట అన్నము వండించిరి. వండిన అన్నము త్వరగా పాచిపోవును, అడవిలో దాచుటకు పనికిరాదు. డబ్బా ఆహారము అమ్మునప్పుడు వర్తకుడు డబ్బాకు చిల్లు పొడువవలెను. 1952లో తంజోంగ్ మాలిం వద్ద ఒక దాడి జరుగగా, జనరల్ టెంప్లర్ ఊరంతటికిని దినమునకు 22 గంటల కర్ఫ్యూ విధించి, బియ్యపు కోటాను సయితము తగ్గించెను. దాడి చేసినవారు అడవిలో నుండగా, పస్తులు ఊరిలోని పిల్లలకా?

కంచె అడవిని ఆకలికి గురిచేసినమాట నిజము. అయినను మనస్సులు మరలుటకు ఇతర కారణములు కావలసివచ్చినవి. పలువురకు భూమిపై హక్కుపత్రములు లభించినవి. 1952లో పౌరసత్వ నిబంధనలు సడలినవి. 1955లో ఎన్నికలు జరిగినవి. 1957 ఆగస్టు 31న దేశము స్వతంత్రమైనది. పరాయి పాలకులపై పోరాడుచున్నామను మాటకు అటుపిమ్మట బలము తగ్గినది. 1958లో గెరిల్లాలు గుంపులుగా లొంగిపోయిరి. 1960 జూలై 31న అత్యవసర పరిస్థితిని ఎత్తివేసిరి.