పాత రాతి ఆనకట్టకు ఉక్కు మోకులు

రాతి ఆనకట్ట ముఖ్యముగా తన బరువు చేతనే నిలుచును. నీటి లోతు రెండింతలైనచో కట్టను నెట్టు బలము నాలుగింతలగును. ఇదిగాక పునాదిలోనికి ఊరిన నీరు కట్టను క్రిందినుండి పైకెత్తజూచును. పూర్వపు ఇంజనీర్లు పెక్కుమంది ఈ ఎత్తుడు బలమును లెక్కలోనికి తీసికొనలేదు. ఏండ్లు గడచినకొలది ఊటనీటిలో సున్నము కూడ కొంత కరగిపోవును. అందుచే కొన్ని పాత కట్టలకు బరువు చాలదని తరువాత తేలినది.

కట్టకు వెనుక కాంక్రీటు చేర్చి బరువు పెంచుట ఒక మార్గము. కట్టను అడుగునున్న బండరాతికి ఉక్కు తీగలతో బిగించుట మరియొకటి. గడ్డిబండికి మోకు వేసి బిగించినచో గడ్డి కదలదు గదా! ఇదియు అట్టిదే. అల్జీరియాలోని చెర్ఫాస్ ఆనకట్టకు 1934లో ఆండ్రే కోయిన్ అను ఇంజనీరు ఈ పద్ధతిని మొదట వాడెను.

పని జరుగు విధము

1. కట్ట పైనుండి అడుగు బండలోనికి దిగునట్లు రంధ్రము తొలువవలెను. అది వంకరపోరాదు.
2. రంధ్రమున నీరు నింపి పరీక్షింపవలెను. నీరు ఇంకిపోయినచో సిమెంటు పాలు పోసి, గట్టిపడిన పిదప మరల తొలువవలెను.
3. ఉక్కు తీగల కట్టను దింపి, అడుగుభాగమును సిమెంటుతో బండకు పట్టించవలెను.
4. సిమెంటు గట్టిపడిన పిదప జాకీతో తీగలను లాగి, బలము పరీక్షించి, పైన బిగించవలెను.
5. తీగలు త్రుప్పు పట్టకుండ కాపాడవలెను. త్రుప్పు పట్టిన తీగ తెగును.

ముల్లపెరియార్ అనుభవము

కేరళలోని ముల్లపెరియార్ ఆనకట్ట సున్నము, సుర్కీలతో 1895లో పూర్తియైనది. దీని నీరు సొరంగము ద్వారా తమిళనాడులోని మధురై ప్రాంతపు పొలములకు పారును. భద్రతపై భయము కలిగి 1979లో నీటిమట్టమును 136 అడుగులకు తగ్గించిరి. పిదప కట్టపై కాంక్రీటు కప్పు వేసి, ఉక్కు తీగలు బిగించి, వెనుక కాంక్రీటు ఆనింపు కట్టిరి. 142 అడుగుల వరకు నీరు నిలుపవచ్చునని సుప్రీంకోర్టు 2006లోను, మరల 2014లోను తీర్పు చెప్పినది. ఆ ఆరడుగుల నీరు దిగువ రైతుకు పంట. కట్ట క్రింది లోయవాసులకు ప్రాణభయము. కావున ఎంత బిగించినను ఊటను, కదలికను నిత్యము కొలుచుచుండవలసినదే.

మన చెరువు కట్టల మాట

మట్టికట్టకు ఈ వైద్యము పనికిరాదు. ఉక్కు తీగ లాగిన బరువును మట్టి మోయజాలదు. కట్టపై చెట్లు పెరుగనీయకుడు. ఎలుక బొరియలు పూడ్చుడు. కట్ట వెనుక ఊట హెచ్చినను, బురదగా వచ్చినను లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని గ్రహించి, ఆనాడే నీటిపారుదల అధికారులకు తెలుపుడు.