గర్భనిరోధక మాత్రలతో ఒళ్లు చేస్తుందా?

మొదటి కానుపు అయి ఏడాది తిరగని తల్లి మందుల దుకాణంలో మాత్రల పొట్లం అందుకునే వేళ, వెంట వచ్చిన అత్తగారో వదినగారో చెవిలో వేసే మాట ఒకటున్నది. "అవి మింగితే ఒళ్లు చేస్తుందమ్మా, ఒకసారి చేస్తే మళ్లీ దిగదు." ఆ మాట మనస్సులో పడిన తరువాత ఆమె రెండవ పొట్లం సగంలోనే ఆపివేస్తుంది. వేరొక సాధనమేదీ పాటించదు. మూడు నెలలు గడిచేసరికి చంకలో బిడ్డ, కడుపులో బిడ్డ. అనంతపురం సీమలో ఈ కథ తెలియని ఇల్లు అరుదు.

దీనిని చిన్న విషయంగా తీసిపారవేయరాదు. ఒక కానుపు తరువాత మరల గర్భం ధరించడానికి కనీసం 24 నెలల వ్యవధి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అటువంటి దేహం మొదటి కానుపులో కోల్పోయిన రక్తాన్ని తిరిగి కూడగట్టుకోక ముందే రెండవ భారాన్ని మోయవలసి వస్తే తల్లికీ బిడ్డకూ కీడే. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకున్నవారు. మాత్రలు వాడేవారు నూటికి ఒక్కరు కూడా లేరు. అనగా మన స్త్రీలకు పిల్లలు చాలనుకున్నప్పుడు ఆపరేషను తెలుసును గాని, ఇద్దరు బిడ్డల నడుమ ఎడం పాటించే ఉపాయం వాడుకలో లేదన్నమాట. ఆ ఎడం కోసమే ఏర్పడిన మాత్రను లావు భయం దూరం చేస్తున్నది. కనుక ఆ భయంలో పాలెంతో నీళ్లెంతో చూద్దాం.

మాత్రలో ఉన్నదేమి?

ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, 1987 నుండి తక్కువ ధరకు అమ్ముడవుతూ వచ్చిన మాలా-డి అనేవి మన ఇళ్లకు ఎరుకైన పేర్లు. ఒక పొట్లంలో 28 మాత్రలు ఉంటాయి. వాటిలో 21 మాత్రలు హార్మోనులు గలవి. మిగిలిన 7 ఇనుము మాత్రలు. ఈ ఏడింటినీ "ఖాళీ మాత్రలు" అని పారవేసేవారున్నారు. రక్తహీనత గల స్త్రీకి వాటికి మించిన మేలు లేదు, పారవేయకండి.

హార్మోను మాత్రలో ఈస్ట్రోజెన్ జాతికి చెందిన ఇథినైల్ ఈస్ట్రడయోల్ 30 మైక్రోగ్రాములు, ప్రొజెస్టెరాన్ జాతికి చెందిన లెవోనార్జెస్ట్రెల్ 150 మైక్రోగ్రాములు ఉంటాయి. ఈ రెండూ కలిసి అండం విడుదల కాకుండా ఆపుతాయి. గర్భాశయ ముఖద్వారం వద్ద జిగురును చిక్కబరచి వీర్యకణాలకు దారి మూస్తాయి. 1960లో అమెరికాలో మొట్టమొదట గర్భనిరోధానికి అనుమతి పొందిన మాత్రలో ఈస్ట్రోజెన్ జాతి మందు 150 మైక్రోగ్రాములు, రెండవ హార్మోను దాదాపు 10 మిల్లీగ్రాములు ఉండేవి. ఆ మోతాదుకు వికారం, ఒంట నీరు చేరడం సామాన్యంగా కనిపించేవి. నేటి మాత్రలో హార్మోను పరిమాణం దానితో పోల్చితే బహు స్వల్పం. మాత్రలు మారినా, ఆనాడు పుట్టిన అపకీర్తి మాత్రం తల్లి నుండి కూతురికి వస్తూనే ఉన్నది.

బరువు ఎక్కడి నుండి వస్తుంది?

తక్కెడ మీద ముల్లు ముందుకు జరిగితే దానికి కారణం కొవ్వే కానవసరం లేదు. ఈస్ట్రోజెన్ మూత్రపిండాల చేత ఉప్పును, దానితో పాటు నీటిని నిలుపుదల చేయిస్తుంది. అందుచేత మొదటి రెండు మూడు నెలలలో కొందరికి రొమ్ములు బరువెక్కినట్లు, ఉంగరం బిగిసినట్లు, కడుపు ఉబ్బినట్లు అనిపిస్తుంది. ఇది నీరే గాని మేదస్సు కాదు. దేహం మందుకు అలవాటు పడగానే చాలామందిలో తనంతట తగ్గిపోతుంది.

మరి కొవ్వు సంగతి? ఈ విషయమై వివిధ దేశాలలో జరిగిన 49 పరీక్షలను కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య సమీక్షా సంస్థ 2014లో క్రోడీకరించి చూసింది. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారితో గాని, ఏమీ ఇవ్వనివారితో గాని పోల్చిన పరీక్షలు వాటిలో నాలుగు మాత్రమే. వాటిలో మాత్రల వలన బరువు పెరిగినట్లు ఆధారం దొరకలేదు. పెద్ద ఎత్తున బరువు పెరగడమే జరుగుతుంటే ఈ పరీక్షలకు చిక్కకుండా పోదని సమీక్షకుల తీర్పు. ఎవరో ఒకరి దేహతత్త్వానికి ఒకటి రెండు కిలోలు పెరగవచ్చును, కాదనలేం. "మింగితే లావవుతారు" అనే మాట మాత్రం నిలవదు.

అయితే కళ్లెదుట లావెక్కిన కోడలు కనిపిస్తున్నదే అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆమె మాత్ర మొదలుపెట్టిన కాలం ఏదో గమనించండి. గర్భవతిగా ఉన్నప్పుడు పెరిగిన బరువు ఇంకా పూర్తిగా దిగలేదు. బాలింత బలానికని నెయ్యి, బెల్లం, ఎండుకొబ్బరి, నువ్వుల ఉండలు నెలల తరబడి నడిచాయి. బిడ్డ రాత్రిళ్లు నిద్ర పోనివ్వదు కనుక పగలు నిద్ర. పైగా మాత్ర మింగినా మింగకపోయినా, ఈ వయస్సు స్త్రీలకు ఏడాదికి సుమారు అర కిలో చొప్పున బరువు పెరగడం లోకంలో సామాన్యమే. నాలుగేళ్లలో రెండు కిలోలు. నింద మాత్రం మాత్ర నెత్తిన పడుతుంది.

మన పీఠభూమికి ప్రత్యేకమైన కారణం ఇంకొకటి కూడా ఉన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో మన అవ్వలు కొర్ర అన్నం, జొన్న రొట్టె, రాగి సంగటి తిని, మైళ్ల దూరం నీళ్లు మోసి, రోకలి పట్టి దంచినవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక వరి అన్నం పేదల ఇళ్లకు కూడా నిత్యభోజనమయింది. పట్టణంలోని మధ్యతరగతి గృహిణికి నేడు మూడు పూటలా తెల్లని బియ్యమే, పిండివంట మిక్సీలోనే. దానికి తోడు శనక్కాయలు. చట్నీలో శనక్కాయలు, కూరలో శనక్కాయల పొడి, తాలింపులో శనగనూనె, సాయంత్రం బొరుగులలో వేయించిన పప్పులు. 100 గ్రాముల శనక్కాయలలో 500కు పైగా కేలరీలు ఉంటాయి. మంచి ఆహారమే, మాంసకృత్తులు సమృద్ధిగా గలదే. కాని పొలంలో కలుపు తీసే స్త్రీకి సరిపడిన కొలత, మిద్దె ఇంట్లో కూర్చున్న స్త్రీకి సరిపడదు కదా.

మరి కొందరిలో వ్యాధే అసలు దోషి. అండాశయంలో నీటిబుడగల రుగ్మత గలవారికి ముట్టు సరిచేయడానికి వైద్యులు ఈ మాత్రలనే వ్రాస్తారు. ఆ రుగ్మత గలవారికి బరువు పెరిగే స్వభావం ముందే ఉంటుంది. థైరాయిడ్ మాంద్యం కూడా ఇటువంటిదే. నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడంతో పాటు బరువు పెరుగుతుంటే, మాత్రను తిట్టుకునే ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

సూదిమందు సంగతి వేరు

మూడు నెలలకొకసారి వేసే డీఎంపీఏ ఇంజెక్షనును ప్రభుత్వం 2017 నుండి "అంతర" పేరుతో ఉచితంగా ఇస్తున్నది. ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. బరువు విషయంలో దీనిని మాత్రలతో ఒకే గాటన కట్టరాదు. కొందరికి దీనివలన ఆకలి పెరుగుతుంది, కొవ్వు కూడా చేరుతుంది. మొదటి 6 నెలలలోనే శరీరపు బరువులో నూటికి 5 వంతులకు మించి పెరిగినవారు, అనగా 50 కిలోల స్త్రీ రెండున్నర కిలోలకు మించి పెరిగితే, ఆ తరువాత కూడా పెరుగుతూ పోయే అవకాశం ఎక్కువని పరిశీలనలు చెబుతున్నాయి. అట్టివారు వైద్యురాలిని అడిగి వేరొక సాధనానికి మారడం ఉచితం. ఈ సూది ఆపిన తరువాత మరల గర్భం రావడానికి 7 నుండి 10 నెలలు పట్టవచ్చును. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానిన తరువాత చాలావరకు తిరిగి వస్తుంది. 100 గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాముల దాకా సున్నం ఉన్నది కనుక, ఈ సూది తీసుకునే వారింట రాగి సంగటి తప్పక ఉండదగినది.

సూదిమందు పేరెత్తితే తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే వేరొక గర్భనిరోధక సూదిమందును ప్రయోగించడానికి స్త్రీలను సమీకరించారు. అది ప్రయోగమన్న సంగతిని గాని, దాని దుష్ఫలితాలను గాని వారికి సరిగా తెలియజెప్పలేదని హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ వ్యాజ్యం 2000 దాకా నడిచింది. సూది వేయించుకునే ముందు "దీనితో బరువు పెరుగుతుందా, ముట్టు తప్పుతుందా, మళ్లీ బిడ్డ ఎప్పుడు?" అని అడిగే హక్కు ప్రతి స్త్రీకీ ఉన్నది. మొగమాటపడకండి.

హార్మోనే వద్దనుకునే వారికి లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ కనుగొన్న సెంట్‌క్రోమాన్ మాత్ర ఉన్నది. 1991లో "సహేలి" పేరుతో బజారులోకి వచ్చింది. ప్రభుత్వం ఇచ్చేదానికి "ఛాయ" అని పేరు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ పైన వారానికొకసారి. దీనితో ముట్టు ఆలస్యం కావచ్చును. అండాశయంలో నీటిబుడగలు గలవారికి ఇది తగదు.

ఇక తిరుమల ప్రయాణమనీ, ఇంట్లో పెళ్లి అనీ ముట్టును వాయిదా వేయడానికి మింగే నోరెథిస్టెరాన్ మాత్రలు. వీటిని గర్భనిరోధక మాత్రలతో కలగాపులగం చేస్తుంటారు. ఆ నాలుగు రోజులూ ఒళ్లు ఉబ్బినట్లుండడం నీటి వలననే. ఈ మాత్రలు గర్భాన్ని ఆపుతాయని నమ్మకూడదు. పండుగ పండుగకూ దుకాణంలో అడిగి తెచ్చుకోవడం మంచి అలవాటు కాదు.

ఆయుర్వేదం చెప్పినది

చరకసంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయం అతిస్థూలులను, అతికృశులను గూర్చి వివరిస్తుంది. అతిగా భుజించడం, మధుర స్నిగ్ధ పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర, తల్లిదండ్రుల బీజస్వభావం స్థౌల్యానికి కారణాలని చరకుడు చెప్పాడు. పైన వర్ణించిన బాలింత దినచర్యతో పోల్చి చూసుకోండి. స్థూలదేహులకు ఆయన పథ్యంగా చెప్పిన ధాన్యాలలో ప్రియంగువు, శ్యామాకం, కోద్రవం, యవలు, ముద్గం, కుళత్థం ఉన్నాయి. అనగా కొర్రలు, చామల జాతి ధాన్యం, అరికలు, బార్లీ, పెసలు, ఉలవలు. బార్లీని పక్కన పెడితే తక్కినవన్నీ మన మెట్ట చేలలో పండినవే, మనం విడిచిపెట్టినవే. చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థల పూనికతో ఇవి మరల బజారులో దొరుకుతున్నాయి.

రోజుకు ఒక పూట వరి అన్నం మాని, కొర్ర అన్నంలో ఉలవకట్టు పోసుకొని తినండి. గుప్పెడు ఉలవలు రాత్రి నానబెట్టి, మరునాడు మెత్తగా ఉడికించి, ఆ కట్టులో చింతపండు రసం, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి మరిగించాలి. ఉడికిన ఉలవలను పారవేయక గుగ్గిళ్లుగా తాలింపు వేసుకోవచ్చును. ఉబ్బు గలవారు ఊరగాయ, అప్పడం, తొక్కు తగ్గించి, రెండు చెంచాల బార్లీ గింజలు ఉడికించిన నీటిని పలుచని మజ్జిగతో తాగడం హితకరం. పాలిచ్చే తల్లులు ఉపవాసాలు చేయకూడదు.

ఒళ్లు తగ్గిస్తామని అమ్మే విరేచన చూర్ణాల విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించవలసి ఉన్నది. నీళ్ల విరేచనాలు అవుతుంటే గర్భనిరోధక మాత్ర ఒంటబట్టదు. లావు తగ్గడానికని చూర్ణం మింగి, గర్భం తెచ్చుకున్నట్లవుతుంది. గుగ్గులు ఉత్తమ ఔషధమే అయినా కొన్ని ఆధునిక ఔషధాల ప్రభావాన్ని తగ్గిస్తుందని తేలింది. అందుచేత మాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా దానిని సేవించరాదు. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ కూడా మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. ఆముదపు గింజ మింగితే ఏడాది గర్భం రాదనే పల్లెమాటను నమ్మవద్దు. అది గర్భాన్ని ఆపదు సరికదా, నమిలితే ప్రాణం మీదికి తెచ్చే విషం.

ఎవరు వాడకూడదు?

బిడ్డకు 6 నెలలు నిండక ముందు పాలిచ్చే తల్లులు, రక్తపోటు గలవారు, 35 ఏళ్లు దాటి పొగాకు కాల్చేవారు, కాళ్లలో గాని ఊపిరితిత్తులలో గాని రక్తం గడ్డకట్టినవారు, కంటి ముందు మెరుపులతో వచ్చే పార్శ్వపు తలనొప్పి గలవారు, కాలేయ వ్యాధి, రొమ్ము క్యాన్సరు గలవారు ఈస్ట్రోజెన్ గల మాత్రలు వాడరాదు. వాడుతున్నవారికి ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అది లావు కాదు, రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చును. ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

మాత్ర మొదలుపెట్టిన రోజున ఉదయం, కాలకృత్యాలు తీర్చుకొని, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండరు మీద వ్రాసిపెట్టుకోండి. మూడవ నెలలో, ఆరవ నెలలో అదే తక్కెడ మీద, అదే వేళకు చూడండి. అప్పటికీ బరువు పెరుగుతున్నదని తోచి మాత్ర మానదలిస్తే పొట్లం నడుమ ఆపవద్దు. చివరిదాకా మింగి, కొత్త పొట్లం మొదలుపెట్టవలసిన రోజు నుండి నిరోధ్ గాని, వైద్యురాలు సూచించిన మరొక సాధనం గాని పాటించండి. మాత్ర ఆపిన నెలలోనే గర్భం రావచ్చును.