వింగ్స్ రాగానే యుద్ధానికి పంపేస్తారా?

సంక్రాంతి సెలవులకి అరకు వెళ్ళినప్పుడు తోటలో కాఫీ పళ్ళు కోస్తున్నాం. ఇంటర్ చదువుతున్న మా తమ్ముడు ఎన్‌డీఏ రాసి ఫైటర్ పైలట్ అవుతాడట. అమ్మ నన్ను పక్కకి పిలిచి అడిగింది: "ట్రైనింగ్ అవగానే యుద్ధానికి పంపేస్తారేంట్రా?" నాకు తెలీలేదు. కాలేజీకి వచ్చాక చదివి తెలుసుకున్నాను.

మా అనంతగిరి ఘాట్ రోడ్డు చూసే ఉంటారు. లైసెన్స్ చేతికొచ్చిన రోజే, మంచు కమ్మిన తెల్లవారుజామున, నిండు బస్సు ఇచ్చి ఆ మలుపుల్లో నడపమంటే? పైలట్‌కి వింగ్స్ కూడా అలాంటి లైసెన్సే. యుద్ధంలో విమానం నడపడం మీద ధ్యాస పెట్టే తీరిక ఉండదు. చేతులు వాటంతటవే ఆ పని చూసుకోవాలి, కళ్ళేమో శత్రువుని వెతకాలి. ఆ అలవాటు గాల్లో గడిపిన గంటలతోనే వస్తుంది.

భావనా కాంత్ 2016 జూన్‌లో మన దుండిగల్ అకాడమీలో కమిషన్ అయ్యారు. తర్వాత బీదర్‌లో హాక్ మీద శిక్షణ, ఆపైన స్క్వాడ్రన్‌లో మిగ్-21. పగటిపూట యుద్ధానికి అర్హత వచ్చింది 2019 మేలో. అంటే దాదాపు మూడేళ్ళు!

అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "మరి మధ్యలో యుద్ధమొస్తే?" అంది.

అసలు ప్రశ్న అదే. 1940లో బ్రిటన్ మీద జర్మనీ దాడులప్పుడు పైలట్లు చాలక ఆఖరి దశ శిక్షణని రెండు వారాలకి కుదించారు. స్పిట్‌ఫైర్ మీద 20 గంటలైనా ఎగరని కుర్రాళ్ళు స్క్వాడ్రన్లకి వచ్చారు. చాలామంది మొదటి కొన్ని పోరాటాల్లోనే పోయారు. దాంతో సేనాధిపతి డౌడింగ్ కొన్ని స్క్వాడ్రన్లని వెనక్కి ఉంచి, కొద్దిమంది అనుభవజ్ఞులతో కొత్తవాళ్ళకి అక్కడ నేర్పించాడు.

1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద బాంబులేసిన జపాన్ దీనికి తలకిందులుగా చేసింది. ఆరితేరిన పైలట్లని పోయేదాకా ముందు వరసలోనే ఉంచింది. అమెరికా మాత్రం తనవాళ్ళలో చాలామందిని ఇంటికి పిలిచి పాఠాలు చెప్పించింది. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రం మీద రెండు రోజుల్లో జపాన్ వందల విమానాలు పోగొట్టుకుంది. వాటిలో ఎక్కువమంది అరకొర శిక్షణతో వచ్చిన కుర్రాళ్ళే.

నేర్పేవాణ్ణి కాపాడుకున్న సైన్యమే నేర్చుకునేవాణ్ణీ కాపాడుకుంటుంది. అమ్మకి ఇదీ దాచకుండా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ముందు వాణ్ణి లెక్కలు సరిగ్గా చదవమను" అంది.