చెడుగుడులో ‘కూత’

చెడుగుడు ఆటలో ఒక జట్టువాఁడు నడిమిగీత దాఁటి ఎదిరిజట్టు బరిలోనికిఁ బోవుటను తెలుగువారు ‘కూతకుఁ బోవుట’ యందురు. నేఁటి వార్తలలోను వ్యాఖ్యానములలోను దీనికి మాఱుగా ‘రైడ్’ అనుమాట హెచ్చుగా వినవచ్చుచున్నది. కొందఱు దానిని ‘దాడి’ యని తెనిఁగించుచున్నారు. ఈ రెండును ‘కూత’కు సరియైన పర్యాయములు కావని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

కోయు – కోత, మేయు – మేత, వ్రాయు – వ్రాత యనువానివలెనే ‘కూయు’ ధాతువునుండి ‘కూత’ యేర్పడినది. కోడికూత, రైలుకూత యనుచోట్ల ధ్వని యను మూలార్థమే నిలిచినది. ‘పిచ్చికూతలు’ అనుచోట నిందార్థము చేరినది. ఆటలో నీ పదము మూఁడు మెట్లెక్కినది. ‘కూత పెట్టెను’ అన్నపుడు అది ఆటగాఁడు పలుకు శబ్దము. ‘కూత తెగెను’ అన్నపుడు ఆ శబ్దము నిలిచినంత సేపు, అనఁగా ఒక్క గుక్క. ‘కూతకుఁ బోయెను’ అన్నపుడు ఆ గుక్కలో సాగు సాహసమంతయు. పల్లెటూరి ఆటలో ఎదిరిబరియందు కూత తెగినవాఁడు ఓడినట్లే. ‘కూతవేటు దూరము’ అనుచోట గొంతు నేలను కొలుచుచున్నది. చెడుగుడులో నదే గొంతు కాలమును కొలుచుచున్నది.

ఆట పేళ్లును ఈ విషయమునే బలపఱచుచున్నవి. తమిళమున సడుగుడు, వంగమున హాడుడు, మహారాష్ట్రమున హుతుతు – ఇవి కూఁతలోని పలుకులను పోలిన పేళ్లు. కావున ‘చెడుగుడు’లో ‘చెడు’ శబ్దార్థమును వెదకుటకంటె దానిని ధ్వన్యనుకరణముగా గ్రహించుటయే యుక్తము.

1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీ పతకపుఁ బోటీగాఁ జేరినది. నేఁటి పోటీలలో ఒక్కొక్క కూతకు 30 సెకండ్ల గడువు గలదు. కాలమును గడియారమే కొలుచుచుండఁగా ‘కూత’ యేల యని యాక్షేపింపవచ్చును. రెండవ యర్థము సడలిన మాట నిజమే. కాని ‘కబడ్డీ’ యని వినఁబడునట్లు ఎడతెగక పలుకవలె నను నియమము నేఁటికిని గలదు. ‘దాడి’ యను పదమున గొంతుకుఁ గాని గుక్కకుఁ గాని చోటు లేదు. ఆ మాటతోనే పెరిగిన బాలునకు ఆటగాని పలుకు అర్థములేని గొణుగుడుగాఁ దోఁచును. పదము పోయినచో నియమమున్నను దాని హేతువు మఱుగుపడును. కావున ‘కూత’ను గ్రామ్యమని విడువక పారిభాషిక పదముగా నిలుపుకొనుట యుచితము.