సగం అక్కడ, సగం ఇక్కడ: తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు అసలు లెక్క

అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో పౌరసత్వం వచ్చిందంటే, ఆ ఇంట్లో తర్వాత లేచే మాట అమ్మానాన్నల గ్రీన్‌కార్డు గురించే. అందులో వింతేమీ లేదు. హెచ్‌1బీ మీద వెళ్లిన మనవాళ్లు ఉద్యోగాల కోటాలో కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూస్తుంటే, 21 ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులకు మాత్రం ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. ఐ-130 ఫారంతో మొదలుపెడితే సాధారణంగా ఒకటి రెండేళ్లలో పని తెమిలిపోతుంది. అంత తేలిగ్గా దొరికేదాన్ని ఎవరు వద్దనుకుంటారు? ‘చేతిలో కార్డుంటే మంచిదే కదా, ఆరు నెలలు అక్కడుంటాం, ఆరు నెలలు ఇక్కడుంటాం’ అనే మాట గుంటూరులో వినిపిస్తుంది, కరీంనగర్‌లోనూ వినిపిస్తుంది. నా వాదన ఆ మాట మీదే. అరవై అయిదు దాటిన మనిషికి ఈ సగం సగం కాపురం అన్ని ఏర్పాట్లలోకీ ఖరీదైనది, అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా. గ్రీన్‌కార్డును ఇమిగ్రేషన్ వ్యవహారంగా మొదలుపెడతారు, అది చివరికి ఆసుపత్రి బిల్లు దగ్గర తేలుతుంది. అందుకే దాని గురించి ఆలోచన కూడా ఆరోగ్యం వైపు నుంచే మొదలవ్వాలి.

ముందు కార్డు సంగతి చూద్దాం. చాలామంది దాన్ని గడువు లేని విజిటర్ వీసా అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. అమెరికాయే నా ఇల్లు, బయటికి వెళ్లినా తిరిగి చేరేది అక్కడికే అని ఒప్పుకున్నవాళ్లకిచ్చే కార్డు అది. 180 రోజులకు మించి బయట ఉండి వస్తే, విమానాశ్రయంలో అధికారి వాళ్లను కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్లుగా పరిశీలించవచ్చు. ఏడాది దాటితే, ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోనివాళ్లకు ఆ కార్డు ప్రయాణపత్రంగా పనికిరాదు. ‘ఆరు నెలలకోసారి వెళ్లి నాలుగు వారాలుండి వస్తే చాలు’ అని తెలిసినవాళ్లు ఇచ్చే సలహా కూడా గట్టిది కాదు. ఒక్కో ప్రయాణం ఆరు నెలల్లోపే ముగిసినా, ఏళ్ల తరబడి ఎక్కువ కాలం బయటే గడిస్తే నివాసం వదులుకున్నారా అన్న ప్రశ్న వస్తుంది. ఇల్లెక్కడ, బ్యాంకు ఖాతా ఎక్కడ, పన్ను రిటర్నులు వేశారా అని అడుగుతారు. ఇరవై గంటలు ప్రయాణం చేసి, పాదాలు వాచి, చక్రాల కుర్చీలో కూర్చున్న డెబ్బై ఏళ్ల మనిషి ముందు ఐ-407 అనే కాగితం పెట్టి సంతకం చేయమంటే ఏం చేస్తారు? చేసేస్తారు. అది గ్రీన్‌కార్డును ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు రాసిచ్చే ఫారం. దాని మీద సంతకం పెట్టి తీరాలని ఎక్కడా లేదు, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అడిగే హక్కు ఉంది. ఈ ఒక్క ముక్క తెలుగులో రాసి పాస్‌పోర్టుతో పాటు పెట్టి పంపడం, పచ్చళ్ల డబ్బాలకు ప్యాకింగు చేయడం కంటే ముఖ్యమైన పని.

ఇక ఒళ్లు సంగతి. అమెరికాలో 65 దాటినవాళ్లకు మెడికేర్ ఉంటుందని అందరూ విన్నదే. కానీ ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ ప్రీమియం లేకుండా రావాలంటే, ఆ మనిషి గానీ భార్య లేదా భర్త గానీ అక్కడ పన్ను కడుతూ సుమారు పదేళ్లు, వాళ్ల లెక్కలో 40 క్వార్టర్లు, పనిచేసి ఉండాలి. కొడుకు ఇరవై ఏళ్లుగా కడుతున్న పన్ను అమ్మ ఖాతాలో పడదు. మనవళ్లను పెంచిన ఏళ్లు అసలే పడవు. పనిచేసిన చరిత్ర లేనివాళ్లు డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కోవచ్చు, అయితే దానికి ముందు గ్రీన్‌కార్డుతో ఎడతెగకుండా ఐదేళ్లు అక్కడే నివసించి ఉండాలి. 2025లో పార్ట్ ఏకు నెలకు 518 డాలర్లు, డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బీకి 185 డాలర్లు. భార్యాభర్తలిద్దరికీ కలిపితే నెలకు లక్షా ఇరవై వేల రూపాయలకు అటూఇటుగా తేలింది.

సరే, ఆ ఐదేళ్లు గడిచేదాకా ఏమిటి? కంపెనీ బీమాలో ఉద్యోగి భార్యాపిల్లలకు చోటుంటుంది కానీ, సాధారణంగా తల్లిదండ్రులకు ఉండదు. పేదలకిచ్చే మెడికెయిడ్‌కు 1996 నాటి చట్టం కొత్త గ్రీన్‌కార్డుదారులను ఐదేళ్లు దూరం పెట్టింది. రాష్ట్రాన్ని బట్టి కొన్ని మినహాయింపులున్నా వాటిని నమ్ముకుని బయల్దేరడం తెలివైన పని కాదు. మిగిలింది ప్రైవేటు బీమాల కోసం ప్రభుత్వం పెట్టిన మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కునే బీమా. దానికి ఒక గొప్ప గుణం ఉంది. 2014 నుంచి పాత జబ్బుందని పాలసీ నిరాకరించడానికి గానీ, ఆ కారణంగా ఎక్కువ వసూలు చేయడానికి గానీ వీల్లేదు. వయసును బట్టి మాత్రం కుర్రవాళ్ల కంటే మూడు రెట్ల దాకా వేస్తారు. ఇన్నాళ్లూ తక్కువ ఆదాయం చూపించే తల్లిదండ్రుల విషయంలో ప్రభుత్వమిచ్చే పన్ను రాయితీ ఆ బరువు చాలావరకు మోసింది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో ఆ ఊతం పోయింది. ఐదేళ్ల నిబంధన వల్ల మెడికెయిడ్‌కు అర్హత లేక, పేదరిక రేఖకు దిగువన ఉన్న వలసదారులకు 2026 నుంచి ఆ రాయితీ లేదు. ఇద్దరున్న కుటుంబానికి 2025లో ఆ రేఖ 21,150 డాలర్లు. నెలకు డెబ్బై వేల పింఛను తీసుకునే రిటైర్డు హెడ్మాస్టరు మన ఊళ్లో దర్జాగా బతుకుతాడు. ఆ పింఛనునే డాలర్లలోకి మారిస్తే ఏడాదికి పదివేలు కూడా దాటదు. అంటే రేఖ కిందే. రాయితీ లేకుండా ఆ వయసుకు చాలా రాష్ట్రాల్లో ప్రీమియం నెలకు మనిషికి 1,000 డాలర్ల పైమాటే. రెండు మూడేళ్ల కిందట వెళ్లిన పక్కింటివాళ్ల అనుభవం విని బయల్దేరేవాళ్లు ఈ మార్పును గమనించడం లేదు.

సగం సగం కాపురం ఎందుకు కుదరదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. బీమాలు సరిహద్దు దాటవు. కొద్దిపాటి మినహాయింపులు తప్పితే మెడికేర్ అమెరికా బయట జరిగే వైద్యానికి పైసా ఇవ్వదు. మన దగ్గర తీసుకున్న పాలసీల్లో ఎక్కువ భాగం ఈ దేశంలో చికిత్సకే వర్తిస్తాయి. రెండుచోట్లా ఉండేవాళ్లు రెండుచోట్లా ప్రీమియం కట్టాలి, ఏ రోజు చూసినా పనికొచ్చేది ఒకటే. పోనీ ఇక్కడిది మానేద్దామంటే, తిరిగొచ్చి కొత్త పాలసీ తీసుకున్నప్పుడు పాత జబ్బుల నిరీక్షణ మళ్లీ మొదటికొస్తుంది. బీమా నియంత్రణ సంస్థ 2024లో దాన్ని 48 నెలల నుంచి గరిష్ఠంగా 36 నెలలకు తగ్గించిన మాట నిజమే, కానీ డెబ్బై రెండేళ్ల షుగరు రోగికి మూడేళ్లంటే తక్కువేమీ కాదు. పైగా జబ్బు క్యాలెండరు చూసుకుని రాదు. మోకాలి ఆపరేషను హైదరాబాదులో చౌక అని వస్తారు. ఫిజియోథెరపీ సాగుతుంది, రెండో మోకాలు కూడా చేయించేద్దామంటారు, ఈలోగా ఆరు నెలలు దాటిపోతాయి. గుండెకు స్టెంటు వేసిన డాక్టరు ఇప్పట్లో విమానం వద్దంటాడు. కార్డు నిలవాలంటే వెళ్లాలి, మనిషి నిలవాలంటే ఆగాలి.

దీనికి రీఎంట్రీ పర్మిట్ ఉందిగా అంటారు. ఉంది. ఐ-131 ఫారంతో తీసుకుంటే రెండేళ్ల దాకా బయట ఉండవచ్చు. కానీ దరఖాస్తు చేసేనాటికి మనిషి అమెరికాలోనే ఉండాలి, వేలిముద్రలూ అక్కడే ఇవ్వాలి. విజయవాడలో ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లకు అది దొరకదు. దొరికినా ఆ పర్మిట్ కాపాడేది కార్డునే. ఇక్కడ గడిపిన రెండేళ్లు మెడికేర్ కోరే ఐదేళ్ల నివాసంలోకీ, పౌరసత్వం కోరే ఐదేళ్లలోకీ చేరవు సరికదా, అప్పటిదాకా కూడిన లెక్కను కూడా చెడగొట్టవచ్చు. గడువు దాటిపోయాక మిగిలేది ఎస్‌బీ-1 వీసా. తిరిగి రాలేకపోవడానికి కారణం మన చేతిలో లేనిదని కాన్సులేటును ఒప్పించాలి. తీవ్రమైన జబ్బు అలాంటి కారణమే, కానీ ప్రతి డిశ్చార్జి సమ్మరీ, ప్రతి తేదీ చూపించగలిగినవాళ్లకే.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. విజిటర్ వీసా మీద వెళ్తే మాత్రం ఏం సుఖం? ఆ బీమాలు పాత జబ్బులను వదిలేస్తాయి, ‘ఉన్నట్టుండి తిరగబెడితే’ అనే ఒక్క కిటికీ తెరిచి దానికి సవాలక్ష షరతులు పెడతాయి, వయసు పెరిగేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గిస్తాయి. అంతా నిజమే. అయితే విజిటరు బీమా కాపాడాల్సింది రెండు మూడు నెలలు. ఆ నెలల్లో రిస్కు ఉంది, కానీ దానికి ఒక చివరుంది, ఇంటిదగ్గర మన డాక్టరు, మన పాలసీ చెక్కుచెదరకుండా ఉంటాయి. చూడాలనిపించినప్పుడు వెళ్లి రావడమే కోరికైతే పదేళ్ల విజిటర్ వీసా చాలు. ఇక్కడొక మెలిక ఉంది, చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఒకసారి ఐ-130 వేశాక, స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టు రికార్డుకెక్కుతుంది. ఆ తర్వాత చూసి వస్తామంటే నమ్మించడం కష్టం. ‘ఎందుకైనా మంచిది, వేసి ఉంచుదాం’ అనుకుని వేసే దరఖాస్తు తెరిచి ఉన్న తలుపునే మూయవచ్చు. అత్యవసర విభాగంలో ఎవరినీ కాదనరన్న భరోసా కూడా సగమే. 1986 చట్టం ప్రకారం ప్రాణం మీదికొస్తే చూసి, పరిస్థితి కుదుటపరచాలి. బిల్లు వేయకూడదని ఆ చట్టం అనలేదు.

ఇక మూడోది: ఒక్కడే కొడుకు, అమ్మ ఒంటరిది, ఇక్కడ చూసేవాళ్లు లేరు. దీనికి నా దగ్గర ఎదురువాదన లేదు. ఇలాంటి ఇంటికి గ్రీన్‌కార్డు సరైన దారే. నేననేదల్లా, అప్పుడు రెండు పడవల మీద కాళ్లు పెట్టకుండా పూర్తిగా వెళ్లాలి, వెళ్లేదేదో కాళ్లూ చేతులూ ఆడుతుండగానే వెళ్లాలి. అరవైకి వెళ్లి నిలకడగా ఉన్నవాళ్లకు అరవై అయిదుకు మెడికేర్ కొనుక్కునే అర్హత వస్తుంది. డెబ్బై ఎనిమిదికి వెళ్తే ఆ ఐదేళ్లే జీవితంలో అన్నిటికంటే ఎక్కువ వైద్యం అవసరమయ్యే ఏళ్లు. యాభై ఐదుకో యాభై ఎనిమిదికో వెళ్లి ఏదైనా షాపులోనో స్కూల్లోనో పన్ను కట్టే చిన్న ఉద్యోగం చేస్తే క్వార్టర్లు కూడా జమవుతాయి. 2025లో ఏడాది మొత్తం మీద 7,240 డాలర్లు సంపాదించినవాళ్లకు నాలుగు క్వార్టర్లూ పడ్డాయి. ముప్పై చేరితే పార్ట్ ఏ ప్రీమియం దాదాపు సగానికి దిగుతుంది, నలభైకి పూర్తిగా పోతుంది. వెళ్లిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్ బీమా తీసుకోవాలి, లేదంటే నవంబరులో మొదలయ్యే నమోదు దాకా ఆగాల్సి వస్తుంది. పిల్లలు కూడా తాము సంతకం పెట్టే ఐ-864 ఏమిటో చదవాలి. తల్లిదండ్రులను పోషిస్తానని ప్రభుత్వానికి రాసిచ్చే ఆ ఒప్పందం ఐదేళ్లతో తీరదు. వాళ్లు పౌరులయ్యేదాకానో, 40 క్వార్టర్లు పూర్తిచేసేదాకానో, కార్డు వదిలి దేశం దాటేదాకానో, చనిపోయేదాకానో ఉంటుంది.

కాగితాల దగ్గర మనవాళ్లకు ఎదురయ్యే చిక్కులు రెండు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకు ముందు పల్లెల్లో పుట్టినవాళ్లలో చాలామందికి బర్త్ సర్టిఫికెట్ లేదు. రికార్డు లేదని పంచాయతీ నుంచో మున్సిపాలిటీ నుంచో ధ్రువపత్రం, దానికి తోడు పదో తరగతి సర్టిఫికెట్, పెద్దల అఫిడవిట్లు పెట్టాలి. రెండోది ఇంటిపేరు. కొడుకు సర్టిఫికెట్‌లో అమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతోనో ఒట్టి పొడి అక్షరంతోనో ఉంటుంది, పాస్‌పోర్టులో అత్తింటిది. ఇద్దరూ ఒకరేనని ముందే అఫిడవిట్ చేయించకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ కనిపించినా వరుసగా మూడు రోజులు కఫం తీసి పరీక్షకు పంపుతారు, కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. టికెట్లు ముందే కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బీపీ, షుగరు ఉన్నంత మాత్రాన వైద్య కారణంతో వీసా ఆపరు. అయితే షుగరు, గుండెజబ్బు, ఊబకాయం వల్ల ప్రభుత్వానికి భారమవుతారా అన్నది కూడా తూచమని కాన్సులేట్లకు ఆదేశాలు వెళ్లినట్టు 2025 నవంబరులో వార్తలొచ్చాయి. వైద్య ఖర్చు ఎవరు, ఎలా భరిస్తారో చూపే కాగితం సిద్ధంగా ఉంచుకోవడం అందుకే మేలు.

మందుల సంచీ సంగతి ఇంకా సూక్ష్మం. ఇక్కడ షుగరుకు విరివిగా రాసే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్‌లకు అమెరికాలో అనుమతే లేదు. సొంత వాడకానికి తీసుకెళ్లేవి సాధారణంగా మూడు నెలలకు మించకూడదు. అంటే నాలుగో నెలలో కొత్త డాక్టరు, కొత్త మాత్ర, దానికి ఒళ్లు అలవాటుపడే సమయం. బయల్దేరే ముందే ఇక్కడి డాక్టరుతో మాట్లాడి, అక్కడ దొరికే మందుకు మారి, నెల రోజులు చూసుకుని వెళ్లడం మంచిది. చీటీ మీద బ్రాండు పేరు కాక అసలు మందు పేరు రాయించుకోవాలి. అక్కడి ఆసుపత్రిలో తెలుగు దుబాసీని ఉచితంగా అడిగి తీసుకోవచ్చు, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులకు ఆ బాధ్యత ఉంది. మూత్రం ఆపుకోలేకపోతున్నానని కోడలి నోట డాక్టరుకు చెప్పించగల మామగారు మన ఇళ్లలో అరుదు.

పౌరసత్వం తీసుకుంటే ఈ రాకపోకల బెడద తీరుతుంది. కానీ అరవై అయిదు దాటినవాళ్లకు పరీక్ష సులభం చేసే సడలింపు 20 ఏళ్లు గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లకే, అంటే అరవై అయిదుకు వెళ్లిన మనిషికి ఎనభై అయిదుకు. మతిమరుపు జబ్బు లాంటివి ఉంటే డాక్టరు నింపే ఎన్-648 ఫారంతో మినహాయింపు అడగవచ్చు. భారత పౌరసత్వం పోతుంది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఉన్న పొలం ఉంచుకోవచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. ఆ తర్వాత ఊరికొచ్చి ఎంతకాలమున్నా అడిగేవాళ్లుండరు. మెడికేర్ మాత్రం వెంట రాదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ వాడుకోలేని పార్ట్ బీకి డబ్బెందుకని మానేసి, మళ్లీ వెళ్లినప్పుడు చేరితే, మానేసిన ప్రతి పన్నెండు నెలలకూ ప్రీమియం పది శాతం చొప్పున పెరుగుతుంది. ఆ పెంపు సాధారణంగా పార్ట్ బీ ఉన్నంతకాలం కట్టాల్సిందే.