యూరపు ఖండమున వడ్డియు, సుంకమును

ఒకనాడు తరగతిలో జర్మనీ దేశపు కర్మాగారములను గూర్చి భూగోళ పాఠము చెప్పుచుండగా, ఒక విద్యార్థి లేచి, "అయ్యా! యూరపులోని పెద్ద బ్యాంకు వడ్డిని సగమునకు తగ్గించినదని పత్రికలో చదివితిని. అప్పు చవుకయైనప్పుడు వ్యాపారము పెరుగవలెను గదా! అచ్చటివారు ఇంకను ఏల విచారపడుచున్నారు?" అని యడిగెను. ప్రశ్న చిన్నదే గాని, దాని సమాధానము గంట మ్రోగులోపల ముగియలేదు. ఆ మిగిలిన పాఠమునే ఇచ్చట వ్రాయుచున్నాను.

ముందుగా యూరో యనగా నేమో తెలిసికొనవలెను. పూర్వము యూరపునందు జర్మనీకి మార్కు, ఫ్రాన్సునకు ఫ్రాంకు, ఇటలీకి లీరా, ఇట్లు ఏ దేశపు నాణెము ఆ దేశమునకే యుండెడిది. 1999వ సంవత్సరము జనవరి 1వ తేదీన పదునొకండు దేశములు యూరో అను ఉమ్మడి ద్రవ్యమును లెక్కలయందు స్వీకరించెను. 2002లో దాని నోట్లును నాణెములును ప్రజల చేతికి వచ్చినవి. 2026 జనవరిలో బల్గేరియా చేరుటతో అట్టి దేశములు ఇరువదియొకటి యైనవి. ఈ ద్రవ్యమునకు కావలి యూరపు కేంద్ర బ్యాంకు. అది జర్మనీలోని ఫ్రాంకుఫర్టు నగరమున నున్నది. సరకుల ధరలు ఏటికి నూటికి 2 వంతుల చొప్పున మాత్రమే పెరుగునట్లు చూచుట దాని ముఖ్య ధర్మము.

ధరలను గూర్చి ఇంత జాగ్రత్త యేల? 1923 నవంబరు నాటికి జర్మనీలో ఒక్క డాలరు కొనుటకు 4,20,000 కోట్ల మార్కులు కావలసి వచ్చెను. జీవితమంతయు కూడబెట్టిన వృద్ధుల పొదుపు ఒక్క రొట్టె వెలకైనను చాలకపోయెను. ఆ దేశపు ప్రజలు ఆ దినములను తరతరములుగా మఱువలేదు.

ఇక వడ్డి పనిచేయు విధము చూతము. సాధారణ బ్యాంకులు తమయొద్ద మిగిలిన ధనమును కేంద్ర బ్యాంకునందు దాచుకొనును. ఆ ధనముపై కేంద్ర బ్యాంకు ఎక్కువ వడ్డి యిచ్చినచో, బ్యాంకులు తక్కువ వడ్డికి ఇతరుల కప్పు లీయవు. అప్పుడు ఇండ్లు కట్టువారును, యంత్రములు కొనువారును తగ్గుదురు, గిరాకి తగ్గును, ధరలు నిలుకడకు వచ్చును. వడ్డి తగ్గించినచో దీనికి విపర్యయముగా జరుగును. 2014 జూనులో ఈ వడ్డి సున్నకంటెను దిగువకు పోయెను. అనగా ధనము దాచుకొన్న బ్యాంకులే ఎదురు సొమ్ము చెల్లింపవలసి వచ్చెను!

2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తెను. రష్యానుండి గొట్టములద్వారా వచ్చు సహజవాయువు తగ్గిపోయి, ఇంధనపు వెల విపరీతముగా పెరిగెను. ఆ యేటి అక్టోబరునాటికి యూరో దేశములలో ధరల పెరుగుదల నూటికి 10.6 వరకు పోయెను. కేంద్ర బ్యాంకు 2022 జూలైనుండి 2023 సెప్టెంబరువరకు పదిమారులు వరుసగా వడ్డిని పెంచి, నూటికి 4కు చేర్చెను. ధరలు దారికి వచ్చిన పిదప 2024 జూనునుండి తగ్గింప నారంభించి, ఎనిమిది విడతలలో 2025 జూనునాటికి నూటికి 2కు దింపెను. కావున మా విద్యార్థి చదివిన వార్త నిజమే. ధరల జ్వరమునకు ఈ మందు పనిచేసినది.

అయితే ఆ సమయముననే వేఱొక కష్టము వచ్చిపడెను. యూరపు సమాఖ్య పరదేశములకు పంపు సరకులో సుమారు ఐదవవంతు అమెరికాకే పోవుచుండెడిది. 2025 ఏప్రిల్ 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రంపు ఆ సరకుపై నూటికి 20 వంతుల సుంకమును ప్రకటించెను. వారము దాటినతోడనే దానిని నిలిపి, నూటికి 10 మాత్రము ఉంచెను. జూలై 27న స్కాట్లాండులోని టర్న్‌బెరీయందు, యూరపు కమిషను అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్‌తో ఒడంబడిక కుదిరి, చాల సరకులపై సుంకము నూటికి 15గా నిర్ణయింపబడెను.

సుంకమును మొదట చెల్లించువాడు అమెరికాలోని దిగుమతి వర్తకుడు. అతడు ఆ భారమును కొనువానిపై వేయవచ్చును, లేదా అమ్మువానిని వెల తగ్గింపుమని నిర్బంధింపవచ్చును. దీనికితోడు యూరో విలువయు పెరిగెను. 2025 జనవరిలో ఒక యూరోకు సుమారు 1.04 డాలర్లు, జూలై మొదట సుమారు 1.18 డాలర్లు. లెక్క వేసి చూడుడు: జర్మనీలో 100 యూరోలకు అమ్ము పనిముట్టు జనవరిలో అమెరికావానికి 104 డాలర్లు పడెను. జూలైలో దానివెల 118 డాలర్లు. దానిపై నూటికి 15 సుంకము, అనగా 17 డాలర్ల 70 సెంట్లు. మొత్తము 135 డాలర్ల 70 సెంట్లు. చేసినవాడు ఒక్క సెంటైనను పెంచకయే కొనువానికి వెల నూటికి 30 వంతులు పెరిగినది.

మా విద్యార్థి ప్రశ్నకు సమాధానము ఇచ్చటనే యున్నది. వడ్డి తగ్గించుట కాలువకు నీరు వదలుటవంటిది. పంట కొనువా డెవ్వడో, ఏ వెలకు కొనునో తెలియని రైతు నీరు చాలినంత వచ్చినను పొలమంతయు నాటుటకు వెనుదీయును. అట్లే, రేపటి సుంక మెంతయో తెలియని కర్మాగారపు యజమాని, అప్పు చవుకయైనను, క్రొత్త యంత్రము కొనడు. క్రొత్త పనివానిని చేర్చుకొనడు. మన తెలుగు కుటుంబములనుండి జర్మనీకి చదువునకు వెళ్లి, అచ్చట ఉద్యోగము వెదకుకొను యువకులకు సయితము ఇది దూరపు వార్త కాదు.

ఇంకొక చిక్కును కలదు. వడ్డి ఒక్కటే, దేశములు పెక్కు. 2023, 2024 సంవత్సరములలో జర్మనీ ఉత్పత్తి వరుసగా తగ్గెను. స్పెయిను 2024లో నూటికి 3 వంతులకు పైగా పెరిగెను. ఒకే మోతాదు మందు ఇద్దఱు రోగులకును సరిపడునా?

కావున బ్యాంకు చేయలేని పనిని ప్రభుత్వములు చేయవలసి యున్నది. కేంద్ర బ్యాంకునకు పూర్వాధ్యక్షుడును, ఇటలీకి మాజీ ప్రధానియు నగు మారియో ద్రాగీ 2024 సెప్టెంబరులో ఒక నివేదిక సమర్పించెను. యూరపు వెనుకబడక యుండవలెనన్న ఏటేట అదనముగా 75,000 నుండి 80,000 కోట్ల యూరోల పెట్టుబడి కావలెననియు, సమాఖ్య దేశముల నడుమ మిగిలిన అడ్డంకులను తొలగింపవలెననియు అందు చెప్పెను. జర్మనీ 2025 మార్చిలో తన రాజ్యాంగమును సవరించి, రహదారులు, రైళ్లు మొదలగువానికై 50,000 కోట్ల యూరోల నిధి నేర్పరచుకొనెను. ఇదియు అప్పే. నేడు మంచి పనికి వినియోగించినచో రేపటి పిల్లలకు ఆస్తి. వ్యర్థపుచ్చినచో వారి తలపై బరువు.

1930లో అమెరికా సుంకములు పెంచగా, ఇతర దేశములును పంతమునకు పోయి తామును పెంచెను. అప్పటికే ఆరంభమైన ఆర్థిక మాంద్యము ఇందువలన మఱింత ముదిరి, నాలుగైదేండ్లలో లోకవ్యాపారపు విలువ మూడింట రెండు వంతులు క్షీణించెను. యూరపువారు 2025లో ప్రతిసుంకముల పట్టికను సిద్ధపరచియు, ఆగస్టులో దానిని అమలునకు తేక నిలిపివేసిరి. అది పిరికితనమని కొందఱును, వివేకమని కొందఱును అందురు. 1930 నాటి కథ తెలిసినవారు దానిని తేలికగా నిందింపలేరు.

విద్యార్థులారా! ఇకమీద పత్రికలో వడ్డి తగ్గెనని చదివినప్పుడు అంతటితో నిలువక, "సరకు కొనువా డున్నాడా? రేపటి సుంకము తెలియునా? తెచ్చిన అప్పు దేనికి వినియోగపడుచున్నది?" అను మూడు ప్రశ్నలను వేసికొనుడు. ధనము చవుకయగుట బ్యాంకు చేతిలోని పని. ఇచ్చిన మాట రేపును నిలుచునను నమ్మకము దేశముల నడుమ కలుగవలెను. దానిని ఏ బ్యాంకును అచ్చువేయజాలదు.